మా తోడల్లుడి యాభై ఎనిమిది

మా తోడల్లుడి చెడు కొలెస్ట్రాల్ యాభై ఎనిమిది. నా పెళ్లిరోజు ఒక్కోసారి మరిచిపోతాను గానీ ఈ అంకె ఒక్కరోజూ మరిచిపోలేదు. ఆయనది మాకవరపాలెంలో ధాన్యం వ్యాపారం. నాది అనకాపల్లిలో బెల్లం కమిషన్ దుకాణం. మా ఆవిడ అక్కని ఆయన చేసుకున్నాడు కాబట్టి నాకు వరసకి అన్నయ్య. మా అత్తవారిది కూడా అనకాపల్లే. ఆ ఇంట్లో ఏ విషయం వచ్చినా అల్లుళ్లిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూడటం అలవాటు. మొదట్లో ఎవరి వ్యాపారం బాగుందని చూశారు. తరవాత పిల్లల మార్కులు చూశారు. ఆ తరవాత ఎవరి జుట్టు ముందు ఊడుతోందని చూశారు. అన్నింట్లోనూ ఆయనదే పైచెయ్యి. ఇప్పుడు కాళ్ల వంతు వచ్చింది.

రెండేళ్ల కిందట నాకు కుడి పిక్కలో నొప్పి మొదలైంది. కూర్చుంటే ఏమీ ఉండదు. నడిస్తే పిక్క బిగుసుకుపోయి అడుగు పడదు. ఆగితే పోతుంది, మళ్లీ నడిస్తే మళ్లీ వస్తుంది. నాలుగు నెలల తరవాత ఆయనకి ఎడమ పిక్కలో అదే నొప్పి వచ్చింది. ముందు నాకే వచ్చిందన్న సంగతి మా అత్తవారింట్లో ఎవరికీ గుర్తులేదు. "పెద్దల్లుడికి కాలునొప్పట, పాపం, సిన్నల్లుడికీ ఉందట" అనే చెప్పుకున్నారు. జబ్బులో కూడా నేను రెండోవాణ్ణే.

విశాఖపట్నంలో ఒకే డాక్టరు ఇద్దరినీ చూశాడు. తొడలోని రక్తనాళం లోపల కొవ్వు పేరుకుని దారి ఇరుకైపోయిందన్నాడు. పన్నెండు రోజుల తేడాతో ఇద్దరికీ యాంజియోప్లాస్టీ చేశాడు. మెలకువగానే ఉన్నాను. గజ్జల దగ్గర చిన్న గాటు పెట్టి సన్నటి తీగ పంపించి, ఇరుకైన చోట బెలూన్ ఉబ్బించి, దారి మూసుకుపోకుండా ఒక లోహపు జాలీ గొట్టం పెట్టి వచ్చేశారు. మర్నాడు వార్డులో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. నొప్పి లేదు. ఏడుపొచ్చింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు స్పష్టంగానే చెప్పాడు. "దారి తెరవడం నా పని. తెరిచి ఉంచుకోవడం మీ పని. సిగరెట్ ముట్టుకోకూడదు. రోజూ నడవాలి. కొవ్వు మాత్ర ఒక్కరోజు కూడా తప్పకూడదు. అదే చోట మళ్లీ ఇరుకైతే మొదటి ఏడాదిలోనే ఎక్కువగా అవుతుంది. మళ్లీ మళ్లీ మూసుకుపోతే వేళ్లతో మొదలై కాలుదాకా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు." ఆ మాటకి నేను భయపడ్డాను. భయం రెండు నెలలు నిలిచింది.

సిగరెట్ విషయంలో మాత్రం నిజాయితీగా ఉన్నాను. ఆ రోజు మానేసినవాణ్ణి మళ్లీ ముట్టలేదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర కూడా మానలేదు. ఎటొచ్చీ కొవ్వు మాత్ర దగ్గరే వచ్చింది చిక్కు. అది వేసుకుంటే ఏదో జరుగుతున్నట్టు ఉండదు, మానేస్తే ఏదో అయిపోయినట్టూ ఉండదు. కాలు బాగుంది, దుకాణానికీ ఇంటికీ నడిచే తిరుగుతున్నాను, ఇంక దేనికిలే అనిపించేది. ఒకరోజు మరిచిపోయాను, తరవాత వారం మరిచిపోయాను, ఆ తరవాత మరిచిపోతున్నానన్న సంగతే మరిచిపోయాను. పైగా నా వృత్తి చూడండి. పొద్దున్నే మార్కెట్లో బెల్లం దిమ్మల వరసల మధ్య తిరుగుతూ ప్రతి రాశి దగ్గరా పలుకు విరిచి నోట్లో వేసుకోవాలి. రుచి చూసి ఉమ్మెయ్యమన్నాడు డాక్టరు. బెల్లం ఉమ్మేసే వ్యాపారిని రైతులు ఏమనుకుంటారు? మింగేవాణ్ణి. దుకాణానికి రాగానే మిరపకాయ బజ్జీలు ఎలాగూ ఉంటాయి.

మా తోడల్లుడు అలా కాదు. పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగిజావ. రెండుపూటలా నడక. ఎన్ని అడుగులు వేశాడో ఫోన్లో చూసుకుని కుటుంబం గ్రూపులో పెట్టేవాడు. మా బావమరిది అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. కంపెనీ బస్సులో కూర్చునే ఆ అంకె కింద చప్పట్ల బొమ్మలు పెట్టేవాడు. నేను ఆ గ్రూపు తెరిచినప్పుడల్లా నా కడుపులో మంట. అది బజ్జీల మంట కాదు.

మూడో నెల పరీక్షలకి ఇద్దరం ఒకే కారులో వెళ్లాం. ఆడవాళ్లిద్దరూ కలిసి చేసిన ఏర్పాటది. డాక్టరు రెండు రిపోర్టులూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఆయనది యాభై ఎనిమిది, నాది నూట ముప్పై ఒకటి. "వెరీ గుడ్" అన్నాడు ఆయన వైపు చూసి. నా వైపు తిరిగి, "మాత్ర రోజూ వేసుకుంటున్నారా?" అన్నాడు. వేసుకుంటున్నానన్నాను. "అయితే తిండి దగ్గర తేడా ఉంది. మీ అన్నగారిని చూసి నేర్చుకోండి. ఈసారి కూడా ఇలాగే ఉంటే మందు మారుద్దాం" అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది. తిరిగి వచ్చేటప్పుడు మా అత్తగారింటి దగ్గర ఆగాం. కాఫీలిచ్చాక ఆవిడ రెండు అంకెలూ అడిగి తెలుసుకుంది. "పెద్దల్లుడు ఒకమాటనుకున్నాడంటే దాని మీదే ఉంటాడు. సిన్నల్లుడికి సిన్నప్పట్నించీ నోరు కట్టుకోడం రాదు" అంది. చిన్నప్పుడు ఈవిడ నన్నెక్కడ చూసిందో నాకు తెలీదు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను, మలిసారి ఆయన కంటే తక్కువ అంకె తేవాలని. కాలు బాగు చేసుకోవాలని కాదు. అంకె తేవాలని. ఈ తేడా ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది గానీ అప్పుడు తెలియలేదు.

అది ఎలా తేవాలో నాకు మా మార్కెట్టే నేర్పింది. రైతు బెల్లం దిమ్మలు రాశి పేర్చేటప్పుడు, పాకం బాగా కుదిరి బంగారు రంగులో ఉన్న దిమ్మలు పైవరసలో పెడతాడు. అదే మచ్చు. అడుగున ఉన్నవి ఆ రంగులో ఉండవు. కొనేవాడు వచ్చి పైదిమ్మ మెచ్చుకుని, తరవాత అడుగువరస నుంచి ఒకటి లాగి పలుకు విరుస్తాడు. ధర దాన్ని బట్టే పలుకుతుంది. మా నాన్న నాకు దుకాణంలో నేర్పిన మొదటి పాఠం కూడా అదే, వంగి అడుగుదిమ్మ లాగమని. నేను రక్తంతో రాశి పేర్చాను. మామూలు రోజుల్లో ఎప్పటిలాగే తిన్నాను, మాత్రలు ఎప్పటిలాగే మానేశాను. పరీక్ష ఇంకా నెల ఉందనగా రోజూ తప్పకుండా మాత్ర వేసుకున్నాను. బజ్జీలు బంద్. నెయ్యి బంద్. పొద్దున్నే అంబలి. బెల్లం పలుకు నోట్లో తిప్పి ఉమ్మేశాను. రైతులు ఏమైనా అనుకోనీ.

ఆరో నెల పరీక్షలో యాభై నాలుగు వచ్చింది. మా తోడల్లుడికి యాభై తొమ్మిది.

డాక్టరు నా చేయి పట్టుకుని ఊపాడు. "చూశారా, మందు మార్చక్కర్లేకుండానే దారికొచ్చింది" అని అదే మాత్ర కొనసాగించమన్నాడు. కారెక్కకముందే రిపోర్టు ఫోటో తీసి గ్రూపులో పెట్టేశాను. "బావా, మన ఫ్యామిలీ టాపర్ నువ్వే" అని బావమరిది రాశాడు. మా అత్తగారు ఫోన్ చేసి మరీ మెచ్చుకుంది. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లకి ఆవిడ నాకు మొదటిసారి ఫోన్ చేసింది. ఆనందం పట్టలేకపోయాను, ఎందుకు దాచాలి?

నా ఆనందాన్ని కొంచెం పాడుచేసింది మా తోడల్లుడే. ఆయన ఏడవలేదు. ముఖం మాడ్చుకోలేదు. కారులో నా భుజం తట్టి, "శభాష్ తమ్ముడా! నాకంటే అయిదు తగ్గించీసేవు. ఏటి తింతన్నావో సెప్పు, రాసుకుంతాను" అన్నాడు. నిజంగానే జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "మెంతులు. రాత్రి నానబెట్టి పొద్దున్నే పిడికెడు నమిలి మింగుతాను" అన్నాను. నేను జన్మలో మెంతులు నమల్లేదు. ఆయన రాసుకున్నాడు.

మర్నాటి నుంచి బజ్జీలు మళ్లీ మొదలు. మాత్రలు మళ్లీ అలమారలో.

తొమ్మిదో నెలలో ఒకరోజు మార్కెట్ నుంచి మెయిన్‌రోడ్డుకి నడుస్తుంటే కుడి పిక్క పట్టేసింది. నాకు ముందు కోపమే వచ్చింది, పిక్క మీద. ఏదో సరిగ్గా అడుగు పడలేదనుకున్నాను. వారం రోజుల్లో రెండొందల అడుగులకే ఆగాల్సి వచ్చింది. ఆగిన చోటల్లా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటించేవాణ్ణి. ఇంట్లో చెప్పలేదు. చెబితే మా ఆవిడ వాళ్ల అక్కకి చెబుతుంది. వాళ్లక్క ఆయనకి చెబుతుంది. ఆయన జాలిపడతాడు. ఆ జాలి కంటే నొప్పే నయం అనిపించింది.

బావమరిది కొత్త ఇంటి గృహప్రవేశానికి కారు వీధి చివర ఆపి నడవాల్సి వచ్చింది. మా తోడల్లుడు పట్టుపంచె ఎగ్గట్టి, ఇరవయ్యేళ్ల కుర్రాడిలా ముందు పోతున్నాడు. ఆ కాళ్ల వైపే చూస్తూ నడిచాను. కొంత దూరం వెళ్లాక ఆయన వెనక్కి తిరిగి చూసేసరికి నేను ఎవరిదో గోడ దగ్గర నిలబడి ఉన్నాను.

"ఏటి తమ్ముడా, నొప్పెడతన్నాదేటి?"

"నొప్పేటి? ఫోనొచ్చింది. మీరు నడవండి" అన్నాను. ఫోన్ జేబులోనే ఉందన్న సంగతి అన్నాక గుర్తొచ్చింది. ఆయన ముందుకి సాగాడు. కళ్లలో నిప్పులు పోసుకోవడం అంటారే, ఆ ఎడమకాలిని చూసి అంతపనీ చేశాను. ఒకే డాక్టరు, ఒకే జాలీ, ఒకే మాత్ర. ఆయన నాళంలో రక్తం పారుతోంది, నా నాళంలో పారడం లేదు. మాత్ర వేసుకున్నది ఆయనొక్కడే అన్నది అప్పుడు నాకు గుర్తురాలేదు. గుర్తొచ్చినా ఒప్పుకునే మనిషిని కాను.

ఏడాది పరీక్షకి కూడా ఒకే కారు. చేతి దగ్గరా చీలమండ దగ్గరా రక్తపోటు కొలిచారు. చల్లటి జెల్లు రాసి తొడ మీద డాప్లర్ తిప్పారు. ఆయన కాల్లో రక్తం పారే చప్పుడు గదంతా వినిపించింది. నా కాలు దగ్గర అది బలహీనంగా గుసగుసలాడింది. జాలీ లోపల మళ్లీ చాలావరకు మూసుకుపోయిందన్నాడు డాక్టరు. పాత రిపోర్టు తీసి చూసి తల పంకించాడు. ఈసారి కూడా నేను నెల ముందే సిద్ధపడ్డాను కాబట్టి కొత్త రిపోర్టు కూడా బ్రహ్మాండంగానే ఉంది.

"కొవ్వు ఇంత బాగా ఉంచుకున్నారు. పొగ తాగడం లేదు. అయినా ఇలా అయ్యింది. కొందరిలో శరీరతత్వం. జాలీ చుట్టూ మచ్చకట్టినట్టు కండ పెరిగిపోతుంది. మనమేం చెయ్యలేం. వచ్చే నెల మళ్లీ బెలూన్ వేద్దాం" అన్నాడు.

మళ్లీ బెలూన్ అనగానే భయమేసింది. అంతలోనే, సిగ్గులేకుండా, ఊరట కూడా కలిగింది. నా తప్పు కాదని డాక్టరే అన్నాడు. పక్కకి చూస్తే మా తోడల్లుడి ముఖంలో రక్తం లేదు. కారులో అనకాపల్లి దాకా తన ఎడమ పిక్క తడుముకుంటూనే ఉన్నాడు.

పది రోజుల తరవాత భోజనం వడ్డిస్తూ మా ఆవిడ చెప్పింది. "మా బావ మాత్రలన్నీ మానీసేడట. నడకకీ వెళ్లట్లేదట. అంత బాగా ఉన్నోడికే మూసుకుపోయింది, నేనెంత కట్టు కడితే ఏటిలే అంటన్నాడట. అక్క ఫోన్లో ఒకటే ఏడుపు."

ఆ పూట నేను అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు గానీ జరిగింది అదే. ఇన్నేళ్లకి ఇద్దరం ఒక గట్టు మీదకి వచ్చాం. మూడు రోజులు ఆ సంతోషం ఉంది. ఆయన గ్రూపులో అడుగులు పెట్టడం ఆపేశాడు. ఆ ఖాళీ చూసుకోవడానికే ఫోన్ తెరిచేవాణ్ణి.

నాలుగోరోజు మార్కెట్లో బుచ్చయ్యపేట రైతు ఒకాయన రాశి దగ్గర అడుగుదిమ్మ లాగాను. పలుకు విరిస్తే నల్లగా, ఉప్పగా ఉంది. నా పిక్క నొప్పీ చిరాకూ అన్నీ ఆయన మీద చూపించాను. "ఏటయ్యా ఇది? పైనొకటీ అడుగునొకటీనా?"

ఆయన చిన్నబుచ్చుకోలేదు. నవ్వాడు. "అందరూ పెట్టీదే కదా బాబూ. మీరు అడుగు సూత్తారని తెలిసే పెడతాం. సూడకుండా నమ్మి కొనీవోడికి పెడితే అది మోసం గానీ, మీకేటి?"

దిమ్మ మళ్లీ రాశిలోకి తోసేశాను. డాక్టరు అడుగు చూడలేదు. నేను చెప్పింది నమ్మాడు. అంతకంటే ఎక్కువ నమ్మినవాడు ఇంకొకడున్నాడు, పుస్తకంలో రాసుకుని మరీ నమ్మాడు. నా అంకె చూసి తన కాలు వదిలేసుకుంటున్నాడు. ఆయన మీద నాకున్న కుళ్లు ఆ క్షణాన ఏమీ తగ్గలేదు. అయినా ఒక మనిషి కాలు నా వల్ల పోతే ఆ తరవాత ఎవరి మీద ఏడవాలి? ఆ సాయంత్రమే కారు తీసుకుని మాకవరపాలెం వెళ్లాను.

ధాన్యం లారీ దుకాణం ముందంతా ఆక్రమించి ఉంది. కారు దూరంగా పెట్టి, మధ్యలో ఒకసారి ఆగి లోపలికి వెళ్లాను. ఆయన బస్తాల పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ముందు పళ్లెంలో జంతికలు. నన్ను చూసి లేచి కుర్చీ జరిపాడు.

"మాత్రలు మానీసేరట" అన్నాను.

"ఏసుకుని ఏటి సేత్తాం తమ్ముడా. నీది యాబై నాలుగు. నువ్వు నాకంటే కట్టుగా ఉన్నావు. నీకే మూసుకుపోతే నానెంత?"

"నా యాభై నాలుగు అబద్ధం."

"ల్యాబోడు తప్పు రాసేడేటి?"

"ల్యాబ్ తప్పు కాదన్నయ్యా. పరీక్షకి ముందు ఒక్క నెలే మాత్ర వేసుకున్నాను. మిగతా నెలలు మానీసేను. బజ్జీలు తిన్నాను. బెల్లం మింగేను. మీకూ డాక్టరుకీ మచ్చు చూపించేను, సరుకు చూపించలేదు."

ఆయన జంతికల పళ్లెం పక్కకి జరిపాడు.

"మరి మెంతులో?"

"మెంతులూ అబద్ధమే."

"ఆరు నెలల్నించీ తింతన్నాను కదా తమ్ముడా, ఆ సేదు" అన్నాడు. తిడతాడని చూశాను. తిడితే నేనూ నాలుగు మాటలు అనొచ్చు, ఇన్నేళ్లుగా దాచుకున్నవన్నీ అనొచ్చు. ఆయన తిట్టలేదు. ముఖం మెల్లగా విచ్చుకుంది. "అయితే నాకేటీ భయం లేదన్నమాట. నా కాలు నాకుంటాదన్నమాట!" అన్నాడు. డాక్టరు హామీ ఇవ్వలేదు గానీ నన్ను చూసి భయపడక్కర్లేదన్నాను. ఆయన అప్పటికే దుకాణం వెనకే ఉన్న ఇంట్లోకి కేకేశాడు. "ఏమే, నా మాత్రలెక్కడెట్టేవు? నీళ్లు కూడా తే!" అంత సంతోషం నేను ఆయన పిల్లల పెళ్లిళ్లలో కూడా చూడలేదు. నా కాలు సంగతి అడగలేదు. తప్పు ఒప్పుకుందామని వెళ్లినవాణ్ణి, ఆయన గ్లాసెత్తి మాత్ర మింగుతుంటే చూసి కుళ్లుకున్నాను.

గ్లాసు కింద పెట్టి అప్పుడడిగాడు. "డాక్టరుకి సెప్పేవా?"

"లేదు."

"సెప్పాలి. మళ్లీ బెలూన్ ఏసీముందే సెప్పాలి. ఎల్లుండి ఎల్దాం, నానూ వత్తాను. మనింట్లో ఎవరికీ సెప్పనులే." ఆయన చెప్పడు, నాకు తెలుసు. ఇప్పుడు మంచితనం కూడా ఆయన ఖాతాలోకే పోయింది.

వస్తానని లేచాను. కారు దాకా సగం దూరం వెళ్లానో లేదో పిక్క పట్టేసింది. అక్కడే ప్రహరీ గోడ పట్టుకుని నిలబడ్డాను. వెనక నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. ఆయన వచ్చి నాకెదురుగా, రోడ్డుకి వీపు పెట్టి నిలబడ్డాడు. పోయేవాళ్లు చూస్తే ఇద్దరు మనుషులు నిలబడి కబుర్లాడుకుంటున్నారని అనుకుంటారు. ధాన్యం ధర సంగతేదో మొదలుపెట్టి, మధ్యలో గొంతు తగ్గించి, "ఎన్నడుగులకి పట్టీసింది?" అన్నాడు.

"ఎనభై ఉంటాయేమో."

"ఆపరేషన్ ముందు నాకు అరవైకే పట్టీసీది. ఎవరూ సూడకుండా ఇలాగే నిలబడీవోణ్ణి. రెండు నిమిషాలు ఆగు, దిగిపోద్ది."

ఆ నొప్పి ఎలా ఉంటుందో మా ఇంట్లో, మా అత్తవారింట్లో, మార్కెట్లో ఎవరికీ తెలీదు. ఆయనొక్కడికే తెలుసు. ఆయనకది అయిపోయిన కథ, నాకింకా జరుగుతోంది. నొప్పి దిగాక "పద" అన్నాడు. రోజుకి అన్నేసి వేల అడుగులు నడిచే మనిషి, కారు దాకా నా పక్కనే నా నడక చూసుకుని నెమ్మదిగా నడిచాడు. అది కూడా ఓర్చుకోలేకపోయాను.